వ్యూహం ఒక దారి, బలగం ఒక దారి

1936 మార్చి 7న జర్మన్ సేనలు ఫ్రాన్స్ సరిహద్దు పక్కనున్న తమ సొంత ప్రాంతం రైన్‌లాండ్‌లోకి అడుగుపెట్టాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగించిన వెర్సాయ్ ఒప్పందం ప్రకారం అక్కడ జర్మన్ సైనికుడు ఉండకూడదు. ఆ నాటికి ఫ్రాన్స్ సైన్యం జర్మనీ సైన్యం కంటే బలమైనదే. అయినా ఏం చేయగలమని మంత్రులు అడిగినప్పుడు సైన్యాధిపతి జనరల్ గామెలిన్ ఇచ్చిన జవాబు వాళ్లను నీరుగార్చేసింది. వెంటనే కదిలి వెళ్లి దెబ్బ కొట్టగల బలగమంటూ విడిగా ఏదీ లేదు. గట్టిగా ఏదైనా చేయాలంటే రిజర్వు సైనికులను లక్షల్లో పనులు మాన్పించి పిలిపించాలి. ఎన్నికలు చూస్తే మరో ఏడు వారాల్లో ఉన్నాయి. ప్రభుత్వం ఆ సాహసం చేయలేదు.

దీన్ని పిరికితనమని కొట్టిపారేయడం తేలిక. కానీ చిక్కు అంతకు చాలా ఏళ్ల ముందే, చట్టాల్లోనూ బడ్జెట్ పద్దుల్లోనూ పడింది. ఫ్రాన్స్ 1921లో పోలండ్‌తో, 1924లో చెకొస్లొవేకియాతో పొత్తు కట్టింది. ఆ రెండూ జర్మనీకి తూర్పున ఉన్న దేశాలు. జర్మనీ వాటి మీద పడితే ఫ్రాన్స్ పడమటి నుంచి దాడి చేయాలి. అలా చేయకపోతే ఆ పొత్తుకు అర్థమే లేదు. అంటే విదేశాంగ విధానం ముందుకు దూకే సైన్యాన్ని కోరుతోంది. మరి డబ్బు ఎటు వెళ్లింది? 1928 చట్టం నిర్బంధ సైనిక సేవను ఏడాదికి తగ్గించింది. దాంతో బ్యారక్‌లలో ఉండే సైన్యం ప్రధానంగా రిజర్విస్టులకు తర్ఫీదునిచ్చే బడిగా మారింది. 1930లో మాజినో రేఖకు నిధులు మంజూరయ్యాయి. జర్మన్ సరిహద్దు వెంట కాంక్రీటు కోటలు లేచాయి.

కోటలు కట్టడం తప్పేమీ కాదు. తక్కువ మందితో ఒక సరిహద్దును కాచి, మిగిలిన సైన్యాన్ని వేరే చోట దింపడానికి అది తెలివైన ఏర్పాటే. కానీ ఆ మిగిలిన సైన్యాన్ని దాడికి తగినట్టు మలచలేదు. లక్షమంది వృత్తి సైనికులతో, ట్యాంకులతో వేగంగా కదిలే ఒక దళం కావాలని 1934లో చార్లెస్ డి గాల్ అనే అధికారి ప్రతిపాదించాడు. అప్పటికి ఆయన పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. ఆ ప్రతిపాదన చర్చకు వచ్చినప్పుడు 1935లో యుద్ధమంత్రి జనరల్ మోరాఁ పార్లమెంటులో ఇచ్చిన సమాధానం గమనించదగ్గది. వందల కోట్లు పోసి అడ్డుగోడ కట్టుకున్నాక, దాన్ని దాటి ఏదో సాహసయాత్రకు వెళ్లేంత పిచ్చివాళ్లమా అన్నది దాని సారాంశం. వ్యూహం బడ్జెట్‌ను నడపాల్సింది పోయి, అప్పటికే పెట్టేసిన ఖర్చు వ్యూహాన్ని నిర్ణయించడం మొదలుపెట్టింది. తూర్పు దేశాలకు ఇచ్చిన మాటను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. 1939 సెప్టెంబరులో పోలండ్ కూలిపోతుంటే ఫ్రెంచ్ సైన్యం జర్మనీలోకి కొద్ది కిలోమీటర్లు వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది.

ఆ పరిస్థితిలో ఏ దేశానికైనా ఉన్న దారులు మూడే. డబ్బు పెంచడం, లక్ష్యాలు తగ్గించుకోవడం, లేదా ఫలానా చోట మనకు చాలినంత బలం లేదని తెలిసి తెలిసి ఆ రిస్క్‌ను మోయడం. మూడూ రాజకీయంగా చేదువే. పన్నులు పెంచితే ఓటర్లకు కోపం, మాట వెనక్కి తీసుకుంటే మిత్రులకు కోపం, రిస్క్ ఉందని ఒప్పుకుంటే ప్రతిపక్షానికి పండగ. అందుకే చాలా ప్రభుత్వాలు వీటిలో ఏదీ ఎంచుకోకుండా, అన్నీ చేయగలమన్నట్టు ఒక పత్రం రాసి పక్కన పెట్టేస్తాయి. నిజానికి ఇది మూడో దారే. కాకపోతే ఆ రిస్క్ ఎవరి నెత్తిన పడుతుందో ఎవరూ చెప్పరు.

బ్రిటన్ లెక్క

1930లలో బ్రిటన్ చేసిన పని దీనికి భిన్నమైనది. అందులో మంచీ చెడూ రెండూ స్పష్టంగా కనిపిస్తాయి గనుక కాస్త వివరంగా చూడాలి.

1919లో బ్రిటిష్ మంత్రివర్గం ఒక సూత్రం పెట్టుకుంది. రాబోయే పదేళ్లలో పెద్ద యుద్ధం రాదని అనుకుని సైనిక ఖర్చులు అంచనా వేయాలన్నదే ఆ సూత్రం. తర్వాత దీన్ని చాలామంది ఎగతాళి చేశారు గానీ, 1919లో అది తప్పు అంచనా కాదు. జర్మనీ చిత్తయింది, రష్యా అంతర్యుద్ధంలో ఉంది, బ్రిటన్ అప్పుల్లో ఉంది. తప్పు 1928లో జరిగింది. విన్‌స్టన్ చర్చిల్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు ఆ పదేళ్ల లెక్క రోజూ కొత్తగా మొదలయ్యేలా మార్చారు. ఇక ఎప్పుడు చూసినా యుద్ధం పదేళ్ల దూరంలోనే ఉంటుంది. 1932లో దాన్ని వదిలేసే సరికి ఆయుధ కర్మాగారాలూ, ఓడల గోదీలూ, వాటిలో పని తెలిసిన మనుషులూ చెదిరిపోయారు. తర్వాత డబ్బు ఇచ్చినా దాన్ని ఖర్చుపెట్టే సామర్థ్యమే పరిశ్రమకు లేకపోయింది.

1936లో రక్షణ సమన్వయ మంత్రిగా సర్ థామస్ ఇన్‌స్కిప్‌ను నియమించారు. ఆయన వృత్తిరీత్యా న్యాయవాది. లండన్‌లో ఆ నియామకం మీద బోలెడు జోకులు పేలాయి. కానీ 1937 డిసెంబరులో ఆయన ఇచ్చిన నివేదిక ఈ విషయం మీద వచ్చిన మంచి పత్రాలలో ఒకటి. ఎందుకంటే అది ముందు వెనకలు తేల్చి చెప్పింది. మొదట స్వదేశ రక్షణ. తర్వాత సముద్ర వాణిజ్య మార్గాలు. ఆ తర్వాత సామ్రాజ్యంలోని దూరప్రాంతాలు. మిత్రదేశాల భూభాగాన్ని కాపాడటం చివరిది, అదీ పై మూడూ తీరాకే.

వాదన కూడా సూటిగా ఉంది. జర్మనీ గెలవాలంటే యుద్ధం త్వరగా ముగియాలి. బ్రిటన్ బలం దీర్ఘకాలంలో ఉంది, అంటే దాని ఆర్థిక వ్యవస్థలో, సముద్రం అవతలి వనరుల్లో. కాబట్టి మొదటి దెబ్బకు పడిపోకుండా నిలబడటమే ముందున్న పని. వైమానిక దళం అధికారులు అప్పట్లో బాంబర్ల మీద పడి ఉన్నారు. శత్రువు నగరాలను మనమే ముందు ధ్వంసం చేయాలన్నది వాళ్ల సిద్ధాంతం. ఇన్‌స్కిప్ వాళ్ల మాట కాదని యుద్ధవిమానాలకు, అంటే ఫైటర్లకు పెద్దపీట వేయించాడు. ఒక భారీ బాంబర్ కంటే ఫైటర్ చౌక అన్న ఆర్థిక శాఖ లెక్క కూడా దీనికి కలిసొచ్చింది. 1940 వేసవిలో బ్రిటన్ గగనతలాన్ని కాపాడిన హరికేన్లు, స్పిట్‌ఫైర్లు, రాడార్ కేంద్రాల వెనక ఈ ప్రాధాన్యం ఉంది. నిపుణులు కాదన్నా, గుమాస్తా లెక్కలంటూ తీసిపారేసినా ఆ నిర్ణయం నిలబడింది.

దానికి చెల్లించిన మూల్యం కూడా చూడాలి. నాలుగో స్థానంలో పడిన పదాతి దళం ఎండిపోయింది. యూరప్ ఖండం మీద పోరాడే సైన్యం మనకు అక్కర్లేదన్న నిర్ణయం 1939 ఫిబ్రవరి దాకా నిలిచింది. అది మారిన కొద్ది వారాలకే, మార్చి 31న, బ్రిటన్ పోలండ్‌కు హామీ ఇచ్చింది. ఆ హామీని నిలబెట్టే సైన్యం లేదు, దాన్ని తయారుచేసే సమయమూ లేదు. 1940 మే నాటికి ఫ్రాన్స్‌లో ఉన్న బ్రిటిష్ సైన్యం 13 డివిజన్లు, వాటిలో మూడింటికి శిక్షణా సామగ్రీ అరకొరే. ఇన్‌స్కిప్ పత్రాన్ని అందుకు తప్పుపట్టలేం. ఆ పత్రం ఏం వదులుకుంటున్నామో ముందే చెప్పింది. వదులుకున్న పనినే 1939లో రాజకీయ నాయకులు మళ్లీ నెత్తికెత్తుకున్నారు.

నిన్నటి వ్యూహానికి నేటి ఓడలు

ఒక వ్యూహపత్రం రాయడానికి ఏడాది చాలు. ఒక విమానవాహక నౌక ఆలోచన నుంచి సముద్రంలోకి రావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పట్టడం మామూలే, ఆపైన నలభై యాభై ఏళ్లు పనిచేస్తుంది. అమెరికా బి-52 బాంబర్ల తయారీ 1962లో ఆగిపోయింది, అవి ఇప్పటికీ ఎగురుతున్నాయి. కాబట్టి ఏ ప్రభుత్వం చేతిలోనైనా ఉండేది ఎప్పుడో ఎవరో ఊహించిన యుద్ధానికి కట్టిన బలగమే. ఈ ఏడు బడ్జెట్‌లో మార్చగలిగింది కొసరంతే. జీతాలు, పెన్షన్లు, ఇప్పటికే సంతకాలైన కొనుగోళ్ల వాయిదాలు పోగా కొత్త ఆలోచనకు మిగిలేది చాలా తక్కువ.

జుమ్‌వాల్ట్ యుద్ధనౌక కథ ఈ విషయంలో కొంచెం నవ్వు, కొంచెం బాధ తెప్పిస్తుంది. తీరానికి దగ్గరగా నిలబడి, ఒడ్డున దిగే సైనికులకు ఫిరంగులతో అండగా ఉండాలని అమెరికా నౌకాదళం దాన్ని తలపెట్టింది. 32 కట్టాలనుకుని, ఖర్చు పెరిగి, చివరికి మూడింటితో ఆగిపోయారు. నౌకలు తగ్గేసరికి వాటి ఫిరంగులకు కావాల్సిన ప్రత్యేక గుండ్ల సంఖ్యా తగ్గింది, దాంతో ఒక్కో గుండు ధర 8 లక్షల డాలర్లు దాటుతుందని తేలి 2016లో వాటి కొనుగోలే మానేశారు. అంటే ఫిరంగి ఉంది, గుండు లేదు. ఈలోగా వ్యూహం కూడా మారి చైనాతో నడిసముద్రంలో తలపడటం ముఖ్యమైంది. ఆ ఫిరంగులను ఊడదీసి క్షిపణులు అమర్చే పని తర్వాత మొదలుపెట్టారు. తక్కువ సంఖ్య వల్ల ధర పెరగడం, ధర పెరిగిందని ఇంకా తక్కువ కొనడం అన్నది ప్రతి సైన్యమూ చూసిన ఊబే. యుద్ధవిమానాల ధరలు ఇలాగే పెరిగితే 2054 నాటికి అమెరికా రక్షణ బడ్జెట్ మొత్తం పెట్టి ఒకే ఒక్క విమానం కొనాల్సి వస్తుందని విమాన పరిశ్రమలో పెద్ద పదవులు చేసిన నార్మన్ ఆగస్టీన్ ఎప్పుడో సరదాగా లెక్కేశారు. దాన్ని వైమానిక దళం, నౌకాదళం వారంలో చెరి మూడున్నర రోజులు వాడుకోవాలట.

అయితే వ్యూహానికి బలగాన్ని అచ్చుగుద్దినట్టు సరిపెట్టినా ప్రమాదం తప్పదని 1981 చూపించింది. బ్రిటిష్ రక్షణమంత్రి జాన్ నాట్ ఆ ఏడాది జూన్‌లో తెచ్చిన శ్వేతపత్రం నిజంగా ఎంపిక చేసింది. శత్రువు సోవియట్ యూనియన్, పోరు జరిగేది జర్మనీ నేల మీద, ఉత్తర అట్లాంటిక్‌లో. కాబట్టి అణు జలాంతర్గాములు ఉండాలి, జర్మనీలోని సైన్యం ఉండాలి, దూర సముద్రాల్లో తిరిగే ఉపరితల నౌకలు తగ్గాలి. ఇన్విన్సిబుల్ అనే విమానవాహక నౌకను ఆస్ట్రేలియాకు అమ్మడానికి ఒప్పుకున్నారు. దక్షిణ అట్లాంటిక్‌లో తిరిగే ఎండ్యూరెన్స్ నౌకను వెనక్కి రప్పించాలనుకున్నారు. 1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా ఫాక్‌లాండ్స్ దీవులను ఆక్రమించింది. అమ్మకం ఇంకా పూర్తికాలేదు గనుక ఇన్విన్సిబుల్ మూడు రోజుల్లో దక్షిణానికి బయలుదేరగలిగింది. కోతలు ఇంకో రెండేళ్ల ముందే మొదలై ఉంటే ఆ యుద్ధం ఎలా సాగేదో.

నాట్ తన ప్రధాన శత్రువును సరిగ్గానే గుర్తించాడు. పొరపాటు వేరే చోట ఉంది. ఫాక్‌లాండ్స్‌ను కాపాడతామన్న బాధ్యతను బ్రిటన్ వదులుకోలేదు, దాన్ని నిర్వర్తించే ఓడలను మాత్రం వదులుకోబోయింది. సాధనాన్ని కోస్తే దాని మీద ఆధారపడిన మాటనూ కోయాలి, లేదా ఆ మాటను సంప్రదింపులతో పరిష్కరించుకోవాలి. పైగా అవతలివాడు మన బడ్జెట్ చదువుతాడు. ఎండ్యూరెన్స్ ఉపసంహరణను అర్జెంటీనా సైనిక పాలకులు బ్రిటన్‌కు ఆ దీవుల మీద ఆసక్తి తగ్గిందనడానికి సంకేతంగా తీసుకున్నారు.

శత్రువును తయారుచేసే ఖర్చు

ఇంకో రకం పొరపాటు ఉంది, అది డబ్బు తక్కువై కాదు, ఎక్కువై వచ్చేది. 1898, 1900 చట్టాలతో జర్మనీ అడ్మిరల్ టిర్పిట్జ్ నాయకత్వంలో భారీ యుద్ధనౌకల దళాన్ని కట్టడం మొదలుపెట్టింది. తమ నౌకాదళం మరీ పెద్దదైతే బ్రిటన్ తమతో గొడవకు వెనకాడుతుందని టిర్పిట్జ్ అంచనా. జరిగింది తలకిందులు. బ్రిటన్ ఇంకా ఎక్కువ ఓడలు కట్టింది, 1904లో ఫ్రాన్స్‌తో, 1907లో రష్యాతో తగవులు తీర్చుకుంది. ఒక్క జర్మన్ నౌకల వల్లే ఇదంతా జరిగిందనలేం గానీ, అవి లేకపోతే బ్రిటన్ అంత తొందరగా ఒక పక్షానికి జరిగేది కాదు. మరోపక్క జర్మనీ యుద్ధ ప్రణాళిక మొత్తం ఫ్రాన్స్‌ను భూమి మీద వేగంగా ఓడించడం మీద ఆధారపడింది. దానికి కావాల్సింది ఇంకొన్ని డివిజన్లు. 1914లో యుద్ధం వచ్చాక ఆ ఖరీదైన నౌకలు చాలావరకు రేవుల్లోనే గడిపాయి. 1916లో జట్లాండ్ దగ్గర ఒకసారి పెద్దగా పోరాడి, ఓటమి తర్వాత 1919లో స్కాపా ఫ్లో అనే బ్రిటిష్ రేవులో సొంత సిబ్బంది చేతుల్లోనే మునిగిపోయాయి. బ్రిటన్‌ను నిజంగా ఇబ్బంది పెట్టిన జలాంతర్గాములు యుద్ధం మొదలయ్యేసరికి జర్మనీ దగ్గర దాదాపు 30 మాత్రమే.

ఎవరి యుద్ధం వారిదే

దళాల మధ్య పంపకం దగ్గర వ్యూహం తరచూ దారి తప్పుతుంది. గొడవ లేకుండా ఉండాలని ఏటా పాత నిష్పత్తిలోనే పంచేయడం అందరికీ సుఖం. 1950లలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఈ సుఖాన్ని చెడగొట్టాడు. ఆర్థిక వ్యవస్థను దివాలా తీయించే రక్షణ అసలు రక్షణే కాదన్నది ఆయన నమ్మకం. అణ్వాయుధాల మీద భారం వేసి, 1953లో 15 లక్షలకు పైగా ఉన్న పదాతి సైన్యాన్ని 1960 నాటికి 9 లక్షల లోపుకు దించాడు. ఆయనే సైనిక జనరల్ కాబట్టి సైనిక జనరళ్లు గట్టిగా ఎదురు చెప్పలేకపోయారు. ఆ విధానం చవకైనదే, కానీ చిన్న తగాదాకు అణుబాంబు జవాబు కాదని తర్వాత వచ్చిన కెనడీ ప్రభుత్వం దాన్ని మార్చింది.

1961లో రక్షణమంత్రిగా వచ్చిన రాబర్ట్ మెక్‌నమారా బడ్జెట్ రాసే పద్ధతినే తిప్పేశాడు. అప్పటిదాకా నౌకాదళం జలాంతర్గాముల క్షిపణులు ఒక పుస్తకంలో, వైమానిక దళం బాంబర్లు ఇంకో పుస్తకంలో ఉండేవి. రెండూ చేసే పని ఒకటే. పదాతి దళం సముద్రాలు దాటి వెళ్లాలని ప్రణాళిక వేసుకుంటుంది, మోసుకెళ్లే విమానాలు మాత్రం వైమానిక దళానివి, దానికేమో బాంబర్ల మీద మోజు. మెక్‌నమారా దళాల వారీగా కాకుండా పనుల వారీగా ఖర్చు రాయించాడు. ఫలానా పనికి మొత్తం ఎంత అవుతోంది, వచ్చే ఐదేళ్లలో ఎంత అవుతుంది అన్నది మొదటిసారి ఒకేచోట కనిపించింది. ఆ చట్రం మార్పులతో దశాబ్దాలు నిలిచింది. అదే మెక్‌నమారా వియత్నాంలో అంత పక్కా లెక్కలతోనే ఓడిపోయాడు. లక్ష్యమే తప్పయినప్పుడు దానికి నిధులు ఎంత బాగా సర్దినా ప్రయోజనం లేదు.

మూడు వాటాల్లో ఏది ఎండుతుంది

ప్రతి రక్షణ బడ్జెట్‌లోనూ మూడు వాటాలుంటాయి. మనుషులకు, కొత్త ఆయుధాలకు, ఉన్నవాటిని పనిచేయించడానికి. డబ్బు తగ్గినప్పుడు మొదట ఎండేది మూడోదే, ఎందుకంటే దానికి నోరు లేదు. రెజిమెంట్‌ను రద్దు చేస్తే మాజీ సైనికులు వీధిలోకి వస్తారు, ఓడను రద్దు చేస్తే ఓడల గోదీ ఉన్న నియోజకవర్గం గోల చేస్తుంది. విడిభాగాలు కొనకపోతే, మందుగుండు గిడ్డంగి సగం ఖాళీగా ఉంటే ఏ విలేకరికీ ఫొటో దొరకదు. 2011లో లిబియా మీద దాడుల్లో కొన్ని యూరప్ దేశాలకు గురితప్పని బాంబులు వారాల్లోనే నిండుకున్నాయి. పాఠం నేర్వలేదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలై ఏడాది దాటాక, 2023 మార్చిలో, పన్నెండు నెలల్లో 10 లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని యూరోపియన్ యూనియన్ ప్రకటించింది. గడువు దగ్గరపడేసరికి అందులో సగం కాస్త మించి, 5.24 లక్షలే ఇవ్వగలమని ఒప్పుకుంది. డబ్బు లేక కాదు, ఇల్లు కాలేటప్పుడు నుయ్యి తవ్వినట్టు, ఉత్పత్తి యంత్రాలను అప్పుడు పెట్టడం మొదలైంది.

ఈ మూడు వాటాలను చూడకుండా జాతీయోత్పత్తిలో ఇంత శాతం అని కొలవడం అందుకే మోసపుచ్చుతుంది. 2014లో వేల్స్ సమావేశంలో నాటో దేశాలు 2 శాతం లక్ష్యం పెట్టుకున్నాయి. అందులో ఐదో వంతు ఆయుధ సామగ్రికి పోవాలన్నది పక్కనే ఉన్న రెండో షరతు, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. 2015 ప్రాంతంలో బెల్జియం రక్షణ ఖర్చులో నూటికి 70కి పైగా మనుషుల ఖాతాకే వెళ్లేది, పెన్షన్లతో కలిపి. గ్రీస్ చాలా ఏళ్లుగా 2 శాతం దాటి ఖర్చు చేస్తోంది, కానీ దాని చూపు ముఖ్యంగా మరో నాటో సభ్యదేశమైన టర్కీ మీద. డెన్మార్క్ ఆ గీతకు చాలా కిందే ఉండేది, అయినా అఫ్గానిస్తాన్‌కు సైన్యాన్ని పంపి 43 మందిని పోగొట్టుకుంది. మూడింటినీ ఒకే పట్టికలో పెట్టి మార్కులు వేస్తే ఏం తెలుస్తుంది?

జర్మనీ విషయమూ అంతే. 2021లో స్టాక్‌హోమ్ పరిశోధన సంస్థ సిప్రి లెక్క ప్రకారం జర్మనీ సైనిక ఖర్చు 5,600 కోట్ల డాలర్లు, రష్యాది 6,590 కోట్లు. జీతాలూ ధరలూ వేరు గనుక ఈ రెంటినీ నేరుగా పోల్చకూడదు, కానీ జర్మనీది చిల్లర మొత్తం మాత్రం కాదు. అయినా 2022 ఫిబ్రవరి 24న, రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసిన రోజున, జర్మన్ పదాతి దళాధిపతి అల్ఫోన్స్ మైస్ తన సైన్యం దాదాపు ఖాళీ చేతులతో ఉందని బాహాటంగా రాశాడు. మూడు రోజులకు ఛాన్సలర్ షోల్జ్ 10,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధి ప్రకటించాడు. అంతకుముందు రెండు దశాబ్దాలు ఆ సైన్యానికి అప్పగించిన పని వేరు. దూరదేశాల్లో శాంతి పరిరక్షణకు చిన్న చిన్న దళాలను పంపడం. ఆ పనికి తగ్గట్టే అది తయారైంది.

2025 జూన్‌లో హేగ్ సమావేశంలో నాటో లక్ష్యం 2035 నాటికి 5 శాతానికి పెరిగింది. 3.5 శాతం నేరుగా సైన్యానికి, 1.5 శాతం మౌలిక వసతులు, సైబర్ భద్రత వంటి అనుబంధ ఖర్చులకు. వెంటనే ఆ 1.5లో ఏవి చూపొచ్చు అన్న బేరం మొదలైంది. ఇటలీ ప్రధాన భూభాగం నుంచి సిసిలీకి వేయాలనుకుంటున్న మెస్సీనా వంతెనను ఈ ఖాతాలో చూపాలన్న ఆలోచన వచ్చి, విమర్శలు రేగాయి. వంతెనలు సైన్యానికి అక్కర్లేదని కాదు. 60 టన్నులు దాటిన ట్యాంకును మోయలేని వంతెన యూరప్‌లో ఎన్నో రక్షణ ప్రణాళికలకు అడ్డం. ప్రశ్న ఆ వంతెన ఎక్కడుందన్నది. కూటమి వ్యూహం తూర్పు సరిహద్దుకు సేనలను త్వరగా చేర్చడమైతే, బాల్టిక్ దేశాల రైలు పట్టాలు ఇప్పటికీ ఎక్కువగా 1,520 మిల్లీమీటర్ల రష్యన్ వెడల్పులో ఉన్నాయి. పోలండ్ నుంచి వచ్చే మామూలు 1,435 మిల్లీమీటర్ల రైళ్లు వాటి మీద నడవవు. ఎస్టోనియా రాజధాని తాలిన్ నుంచి పోలండ్ సరిహద్దు దాకా ఈ మామూలు వెడల్పులో కొత్తగా వేస్తున్న రైల్ బాల్టికా పౌర రవాణా ప్రాజెక్టుగా మొదలైంది. సైనిక ఖాతాలో ఎక్కువ దేశాల కొనుగోలు పట్టికలను చూస్తే, వాటిలో చాలా ఆయుధాల కంటే ఈ పట్టాలే ఆ వ్యూహానికి దగ్గరగా ఉన్నాయి.